భూలక్ష్మి పేరు మీది ఫోను

ఫిల్మ్ నగర్‌లో భూలక్ష్మి ముఖం తెలిసినవాళ్ళు తక్కువ గానీ, ఆమె గొంతు తెలియని ప్రొడక్షన్ మేనేజరు లేడు. శారదాదేవిగారికి ఎవరు ఫోన్ చేసినా ముందు పలికేది భూలక్ష్మే. "అమ్మ షాట్‌ల ఉన్నరు సార్, అయినంక చెప్త" అనేది, పళ్ళ మధ్య పిన్నులు పెట్టుకుని, ఒక చేత్తో సవరం పట్టుకుని, ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని. అమ్మ నిజంగా షాట్‌లో ఉన్నా ఆ మాటే, క్యారవాన్‌లో కాళ్ళు చాపుకుని పెసరట్టు తింటున్నా ఆ మాటే. హెయిర్ డ్రెస్సర్ అంటే జడ వేసే మనిషే కదా అనుకుంటారు అందరూ. జడ సగం పని, మిగతా సగం ఇది.

శారదాదేవి ఒకప్పుడు హీరోయిన్. కృష్ణా జిల్లా నుంచి మద్రాసు వెళ్ళి పేరు తెచ్చుకుని, పరిశ్రమతోపాటే హైదరాబాదుకు తరలివచ్చి, జూబ్లీహిల్స్‌లో ఇల్లు కట్టుకుని, ఇప్పుడు హీరోలకు తల్లి వేషాలు వేస్తోంది. భూలక్ష్మి మొగుడు బాలనర్సయ్య ఆవిడ సినిమాలకే లైట్‌మన్‌గా చేసేవాడు. విషజ్వరం వచ్చి పోయాడు. కొడుకు నవీన్ అప్పటికి ఇంకా చంకనెక్కే పిల్లాడు. "ఏడుస్తూ కూర్చుంటే ఎవరు పెడతారే? రా, నా జుట్టు చూసుకో" అని పిలిచి పనిచ్చింది శారదాదేవి. దువ్వెన పట్టడం దగ్గర్నుంచి విగ్గు అతికించడం దాకా దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పించింది, యూనియన్ కార్డు ఇప్పించింది. ఆ మేలు భూలక్ష్మి ఏనాడూ మరిచిపోలేదు. ఇది ముందే చెప్పుకోవాలి, లేకపోతే ఆ తర్వాత ఆమె పడ్డ నరకం అర్థం కాదు.

ఇక ఫోన్ సంగతి. మాదాపూర్ గుట్టలు కొట్టి అద్దాల మేడలు లేపుతున్న రోజులవి. కూరగాయల బండి మీద కూడా సెల్ మోగుతోంది. సినిమావాళ్ళకు ఆ సెల్లే పెద్ద తలనొప్పి అయి కూర్చుంది. సొంత పేరు మీద సిమ్ తీసుకుంటే షాపువాడే నంబర్ ఊరంతా పంచిపెడతాడు, తెల్లారేసరికి అభిమానులూ రిపోర్టర్లూ ఊపిరాడనివ్వరు. అందుకని పర్సనల్ నంబర్ పనివాళ్ళ పేరు మీద తీసుకోవడం ఒక అలవాటైపోయింది. ఒకరికి టచప్ మన్ పేరు మీద, ఇంకొకరికి డ్రైవర్ పేరు మీద. శారదాదేవి నంబర్ భూలక్ష్మి పేరు మీద. "నీ ఓటరు కార్డు ఇవ్వవే, ఫోటో కూడా ఒకటి" అనగానే భూలక్ష్మి పరుగున పోయి తెచ్చిచ్చింది. ఎంతమంది ఉన్నా నన్నే నమ్మింది గదా అని మురిసిపోయింది, అమాయకురాలు.

షాట్ జరిగినంతసేపూ ఆ ఫోన్ భూలక్ష్మి దగ్గరే ఉండేది. "మీ వాడికి చేసుకోవే, నా పర్మిషన్ అడక్కు" అనేది శారదాదేవి. రోజూ మధ్యాహ్నం అన్నాల వేళకు భూలక్ష్మి దాంట్లోంచే కొడుక్కి చేసేది. తిన్నవా బిడ్డా? వేసుకున్నవా? ఈ రెండే అడిగేది.

వేసుకున్నవా అన్నది గోళీల గురించి. ఆ గోళీల సంగతి తల్లీకొడుకులకు తప్ప బస్తీలో పురుగుకు కూడా తెలియదు.

నవీన్ డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండగా మొదలైంది. ముందు తన ఫోన్‌ను తువ్వాల్లో చుట్టి బియ్యం డబ్బాలో దాచేవాడు. తర్వాత సిమ్ పీకి నీళ్ళ గ్లాసులో పడేశాడు. "అమ్మా, మెల్లగ మాట్లాడు, వింటున్నరు" అనేవాడు. ఎవర్రా అంటే ఫ్యాన్ వైపు చూపించేవాడు. తిండి మానేశాడు, స్నానం మానేశాడు, గడ్డం పెరిగి మనిషి గుర్తుపట్టలేకుండా అయ్యాడు. చివరికి భూలక్ష్మి గుండె రాయి చేసుకుని ఎర్రగడ్డకు తీసుకుపోయింది. ఈ ఊళ్ళో ఎర్రగడ్డ అంటే పిచ్చాసుపత్రే, మార్కెట్ అనుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. "వీణ్ణి ఎర్రగడ్డల వెయ్యాలె" అని పకపకా నవ్వుతారు. ఆ నవ్వు ఒకప్పుడు భూలక్ష్మి కూడా నవ్వింది. అందుకే టోలిచౌకిలో చుట్టాలింటికి పోతున్నామని పక్కింటివాళ్ళకు చెప్పి, కొంగు నెత్తిన కప్పుకుని బస్సెక్కింది.

అక్కడి డాక్టర్ వందన దేవత లాంటి మనిషి. కసురుకోలేదు, తొందరపెట్టలేదు. "మీరు వాడితో వాదించకండమ్మా, అలాగని అవునని కూడా అనకండి" అని తల్లికి చెప్పింది. కొడుకుతో ఒక ఒప్పందం చేసుకుంది. "నవీన్, ఏదైనా వినిపిస్తే అది నిజమో, నీకు అనిపించిందో తేలకపోతే అమ్మను అడుగు. అమ్మ ఏది చెబితే అదే నిజం. సరేనా?" నవీన్ చాలాసేపు తల్లి ముఖంలోకి చూసి సరేనన్నాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో అదే చట్టం. "అమ్మా, పక్కింటోళ్ళు నా పేరు తీసిండ్రా? నాకు అనిపించిందా?" "అనిపించింది బిడ్డా." అంతే, వాడి భుజాలు దిగేవి. "మనమెంతటోళ్ళం రా, మన మాటలు ఇని సర్కారోళ్ళు ఏం జేసుకుంటరు? పచ్చిపులుసు ఎట్ల జెయ్యాల్నో నేర్చుకుంటరా?" అని నవ్వించేది కూడా.

ఏళ్ళు పట్టింది. గోళీలూ పనిచేశాయి, ఆ నవ్వూ పనిచేసింది. నవీన్ డిగ్రీ పూర్తిచేసి, కంప్యూటర్ కోర్సు చేసి, మాదాపూర్‌లో ఒక కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగంలో చేరాడు. మెడలో ఐడీ కార్డు వేసుకుని చెక్‌పోస్ట్ దగ్గర కంపెనీ బస్సెక్కుతుంటే రోడ్డుకు ఇవతల నిలబడి కళ్ళ నిండా చూసుకునేది భూలక్ష్మి. ఆఫీసులో ఎవరికీ పాత సంగతి తెలియదు. తెలిస్తే పక్క సీట్లో కూర్చుంటారా? ఉద్యోగం పోవడం ఒక ఎత్తు, వాడు మళ్ళీ ఆ చీకట్లోకి జారిపోవడం ఒక ఎత్తు. ఆమెకు ఈ లోకంలో భయమంటూ ఉంటే అదొక్కటే.

అప్పుడు వచ్చాయి ఎలక్షన్లు. శారదాదేవి పార్టీలో చేరబోతోందని పరిశ్రమంతా గుసగుసలు. అధికారంలో ఉన్న పార్టీ కాదు, ఎదుటి పార్టీ. పర్సనల్ నంబర్‌కు కొత్త గొంతులు రావడం మొదలైంది. "అమ్మ షాట్‌ల ఉన్నరు" అంటే "పర్లేదమ్మా, ఎంతసేపైనా ఆగుతాం" అనేవాళ్ళు. సినిమావాళ్ళెవరూ ఆ మాట అనరు. ఎవరో పెద్దోళ్ళే అనుకుంది భూలక్ష్మి, అంతకుమించి బుర్ర పెట్టలేదు.

ఒకరోజు జూబ్లీహిల్స్‌లో ఏదో బంగళాలో షూటింగ్. టీ తాగుదామని గేటు బయటున్న టీకొట్టుకు వచ్చింది. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు, చూడ్డానికి బ్యాంకు గుమాస్తాలా ఉన్న మనిషి ఎదురొచ్చాడు.

"భూలక్ష్మక్క నువ్వేనా?"

"అవు. నువ్వెవరు నాయనా?"

"తమ్ముడనుకో" అన్నాడు. పేరు చెప్పలేదు, కార్డు చూపించలేదు. తనే రెండు టీలు చెప్పి ఆమెకొకటి అందించాడు. "మొదట మాకు గూడ పరేషాన్ అయింది అక్కా. ఫిల్మ్ నగర్ బస్తీల ఉండే భూలక్ష్మికి గంత పెద్ద లీడర్లు ఫోన్ జేసుడేంది అని. ఇంటుంటే ఇంటుంటే సమజైంది."

"ఇంటుంటే అంటే?"

"ఇంటుంటే అంటే ఇంటుంటేనే" అని నవ్వాడు. "నవీన్ ఎట్లుండు? గోళీ మార్చినంక నోరెండుతుందన్నడు గదా. నీళ్ళు మంచిగ తాగుమను."

భూలక్ష్మి చేతిలో టీ ఒలికి చీర మీద పడింది. కాలిన సంగతి కూడా తెలియలేదు. ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకు దాచిన మాట, కన్నతల్లికీ అక్కచెల్లెళ్ళకూ చెప్పని మాట, రోడ్డు మీద పోయే మనిషి నోట్లోంచి వచ్చేసరికి ఒంటి మీద గుడ్డ లాగేసినట్టయింది. సిగ్గుతో చచ్చిపోయింది, ఆ తర్వాత భయం పట్టుకుంది.

అతను మాత్రం తాపీగా టీ తాగాడు. "మీ మేడం గీ మధ్య ఫోన్ల తక్కువ మాట్లాడుతుంది. మనుషులే ఇంటికొస్తున్నరట. నువ్వు జడేస్తుంటే నీ ముంగటనే మాట్లాడుకుంటరు గదా, నిన్నెవరు పట్టించుకుంటరు? ఎవరొచ్చిండ్రు, ఏమన్నరు... జర చెప్తే చాలు."

"నేను ఆమె ఉప్పు తిన్న. గా పని నాతోటి గాదు."

"సోంచాయించుకో అక్కా, తొందరేం లేదు. గీ ముచ్చట మేడంకు మాత్రం చెప్పకు. ఎర్రగడ్డ ముచ్చట నవీన్ కంపెనీల తెలిస్తే మంచిగుండదు గదా" అని గ్లాసు పెట్టేసి వెళ్ళిపోయాడు. గొంతు పెంచలేదు, ఒక్క పరుషమైన మాట అనలేదు, దుర్మార్గుడు.

మర్నాడు మేకప్ అద్దం ముందు సవరం కడుతూ భూలక్ష్మి ఉండబట్టలేకపోయింది. "అమ్మా, గా నంబర్ నా పేరు మీదికెల్లి తీసెయ్యుర్రి."

"ఎందుకే?"

"ఎవరన్న ఇంటరేమోనని."

శారదాదేవి అద్దంలోంచే ఆమెను చూసింది. "వింటారని నాకు తెలీదనుకున్నావా? అందుకేగా నీ పేరు మీద ఉంచేసింది. నా పేరైతే ఎప్పుడో వినేసేవాళ్ళు. ఎలక్షన్లు కానీ, చూద్దాం."

"నా మాటలు గూడ ఇంటరు గదమ్మా."

"నీ మాటలా!" పౌడర్ రాలేటట్టు నవ్వింది శారదాదేవి. "తిన్నావా, పడుకున్నావా... నీకు దాచుకునేది ఏముంటుందే?"

పెద్దింటివాళ్ళకు ఎప్పుడూ ఇదే నమ్మకం. రహస్యాలు కూడా బంగారంలాగా ఉన్నవాళ్ళకే ఉంటాయనుకుంటారు! ఆ క్షణంలో నోరు తెరిచి కొడుకు సంగతి మొత్తం చెప్పేస్తే కథ ఎలా ఉండేదో. కానీ ఎన్నేళ్ళ అలవాటు, ఆ మాట నాలుక దాటి రాలేదు. భూలక్ష్మి పళ్ళ మధ్య పిన్ను తీసి కొప్పులో గుచ్చింది.

ఆ టీకొట్టు వైపు వెళ్ళడం మానేసింది. కొడుక్కి ఫోన్ చేయడం మాత్రం మానలేకపోయింది. మానేస్తే వాడికి అనుమానం రాదూ? చేసి, "తిన్నవా బిడ్డా" అని ఊరుకునేది. రెండు రోజులు చూసి నవీనే అడిగాడు. "ఏందమ్మా, రెండోది అడుగుత లేవు?"

"మరిచిపోయిన బిడ్డా."

"వేసుకున్న. గని నిన్న మీటింగ్‌ల కునుకు పట్టింది. మేనేజర్ చూసి ఏమనలే, నాకే షరం అయింది."

ఊరుకోరా, నోరు మూసుకోరా అని ఎలా చెబుతుంది?

రెండు రోజులు గడిచాయి. సాయంత్రం నవీన్ ఆఫీసు నుంచి ముందే వచ్చేశాడు. చెప్పులు విప్పకుండా గడపలోనే నిలబడ్డాడు.

"అమ్మా, ఒకటి అడుగుత. నిదానంగ చెప్పు. పొద్దుగాల చెక్‌పోస్ట్ కాడ బస్సు కోసం నిలబడ్డ. ఒకాయన వచ్చి పక్కన స్కూటర్ ఆపి, 'ఏం తమ్మీ, మీటింగ్‌ల నిద్రపోతే ఎట్ల? అమ్మను అడిగినని చెప్పు' అన్నడు. పోయిండు." తల్లి ముఖంలోకి చూశాడు. "నిజమా అమ్మా? నాకు అనిపించిందా?"

నిజం అని ఒక్క మాట అంటే చాలు. అంటే ఏమవుతుందో కూడా ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. అంటే అప్పుడూ నిజమేనా, ఫ్యాన్‌లోంచి విన్నదీ నిజమేనా, మరి నాకెందుకు గోళీలు మింగించినవ్ అంటాడు. గోళీలు మోరీలో పడేస్తాడు. ఊరంతా అరుస్తాడు. ఆ మనిషి చెప్పినంత పనీ చేస్తాడు. బియ్యం డబ్బా, నీళ్ళ గ్లాసు, పెరిగిన గడ్డం, అన్నీ మళ్ళీ మొదటికి వస్తాయి.

"అనిపించింది బిడ్డా" అంది.

నవీన్ గొడవ చేయలేదు. చేసినా బాగుండేది. మెల్లగా గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "గంత సాఫ్‌గ ఇనిపించిందమ్మా. చొక్కా ఇస్త్రీ మడత గూడ కనిపించింది" అన్నాడు. తలూపాడు. "నువ్వు చెప్పినవంటే అంతే. మల్ల మొదలైనట్టుంది." లేచి చెప్పులు విప్పి, ముఖం కడుక్కుని, ఆ పూట గోళీ ముందే వేసుకున్నాడు.

మర్నాడు భూలక్ష్మి తనంతట తనే టీకొట్టుకు వెళ్ళింది. అతను అక్కడే ఉన్నాడు, ఆమె వస్తుందని తెలిసినట్టు. "నా కొడుకు జోలికి పోకు" అంది.

"అయ్యో, హాల్‌చాల్ అడిగిన అక్కా, గంతే."

శారదాదేవి ఇంటికి ఎవరెవరు వస్తున్నారో, ఏ జిల్లా సీటు అడుగుతున్నారో అన్నీ చెప్పేసింది. ఆ రోజుతో అయిపోలేదు, వారం వారం చెబుతూనే ఉంది. శారదాదేవి రహస్యంగా పెట్టుకున్న మీటింగ్ టీవీలో వచ్చింది. సీటు ఇస్తామన్నవాళ్ళు ముఖం చాటేశారు. ఇంట్లోవాళ్ళెవరో చెప్పారని శారదాదేవి అగ్గిమీద గుగ్గిలమై, చివరికి డ్రైవర్ లక్ష్మయ్య మీద అనుమానపడి పంపేసింది. లక్ష్మయ్య గేటు దగ్గర ఒట్లు పెట్టుకుంటూ ఏడుస్తుంటే భూలక్ష్మి లోపల దువ్వెనలు కడుగుతూ ఉండిపోయింది. "నువ్వొక్కదానివే మిగిలావే నాకు" అని శారదాదేవి ఆమె చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చోట ఒళ్ళు మండిపోయింది భూలక్ష్మికి.

ఇదంతా దేనికోసం చేసింది? కొడుకు కోసం. ఆ కొడుకు కళ్ళ ముందే చితికిపోతున్నాడు. నవీన్ ఇప్పుడు తన చెవులను తానే నమ్మడు. మేనేజర్ పేరు పెట్టి పిలిచినా పలకడు. నిజంగా పిలిచాడో లేదో అడగడానికి అమ్మ పక్కన లేదు కదా! ఫోన్ మోగినా తియ్యడు. బస్టాప్‌లో ఎవరైనా టైమ్ అడిగితే తల తిప్పుకుని నిలబడతాడు. ఆఫీసులో ముందు నవ్వుకున్నారు, తర్వాత తప్పించుకు తిరిగారు. ఎర్రగడ్డ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేకుండానే ఒక రోజు పిలిచి, కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉండి రమ్మన్నారు. ఐడీ కార్డు తీసి మేకుకు తగిలించి, "అమ్మా, ఆసుపత్రికి పోదాం పా. నన్ను అడ్మిట్ చెయ్యి" అని వాడే అడిగాడు.

డాక్టర్ వందన వాళ్ళను చూసి లేచి నిలబడింది. నవీన్ పాఠం అప్పజెప్పినట్టు అంతా చెప్పాడు. స్కూటర్, ఇస్త్రీ చొక్కా, ఆ మాట. డాక్టర్ శ్రద్ధగా విని, ఏమీ రాయకుండా కలం పక్కన పెట్టింది. "ఇంత వివరంగా చెబుతున్నాడంటే ఒకసారి కనుక్కోవాలమ్మా. ఆ మనిషి నిజంగానే ఉన్నాడేమో! మీటింగ్‌లో నిద్ర పట్టిన సంగతి మీకూ, ఆఫీసులోవాళ్ళకూ తప్ప ఇంకెవరికైనా తెలుసా? మీరు ఎవరితోనైనా అన్నారా?"

ఒక్క మనిషి, ఒక్కటంటే ఒక్క మనిషి, అడగవలసిన ప్రశ్న అడిగింది. చెప్పెయ్యి, చెప్పెయ్యి అని ప్రాణం కొట్టుకుంది. అంతలో బల్ల మీద డాక్టరమ్మ ఫోన్ కనిపించింది. గోడకున్న ఫోన్ కనిపించింది. కిటికీ అవతల చొక్కా టక్ చేసుకుని ఎవరో నిలబడి ఉన్నారు, రోగి తాలూకు మనిషో ఎవరో. ఇక్కడ అన్నది అక్కడికి పోదని ఏముంది? భూలక్ష్మి కళ్ళు తనకు తెలియకుండానే పైకి, ఫ్యాన్ వైపు పోయాయి.

"ఎవ్వరు లేరు డాక్టరమ్మా" అంది. "వానికే గట్ల అనిపిస్తుంది."

డాక్టర్ నిట్టూర్చి కలం అందుకుంది. గోళీ పెంచాలి, ఇంజెక్షన్లు మొదలుపెట్టాలి, కొన్నాళ్ళు ఇక్కడే ఉండాలి అని చెప్పింది. ఆయా వచ్చి వార్డు బట్టలు ఇచ్చింది. నవీన్ వాటిని చంకలో పెట్టుకుని వెళ్ళబోతూ ఆగి, తల్లి కళ్ళు తుడిచాడు.

"ఫికర్ చెయ్యకమ్మా. ఈసారి జల్ది దొరకబట్టినం గదా" అన్నాడు.